క్లాసులో చర్చ, క్లాసులోనే నేర్చుకోవడం: యూనివర్సిటీ అధ్యాపకులు తరచుగా అడిగే ప్రశ్నలు

పాఠం మధ్యలో ఆగి, ఒక ప్రశ్న వేసి, విద్యార్థుల చేత పక్కవాళ్లతో మాట్లాడించే పద్ధతి గురించి అధ్యాపకులకు వచ్చే సందేహాలకు జవాబులివి. వీటన్నిటి వెనకా ఒకే నమ్మకం ఉంది: చర్చ దానంతట అది ఏమీ నేర్పదు. ప్రతి విద్యార్థీ ముందు సొంతంగా ఆలోచించి ఒక జవాబుకు కట్టుబడాలి, ఆ తర్వాతే నోరు విప్పాలి. ఈ వరస తప్పితే మిగిలేది కబుర్లే.

యాక్టివ్ లెర్నింగ్ అంటే ఏమిటి?

వింటూ, రాసుకుంటూ కూర్చోవడంతో సరిపెట్టకుండా, విద్యార్థి క్లాసులోనే ఆ విషయంతో ఏదో ఒక పని చేయడం. లెక్క వేయడం, ప్రయోగం ఫలితాన్ని ముందే ఊహించడం, రెండు వాదనల్లో ఒకదాన్ని ఎంచుకుని సమర్థించడం, ఇవన్నీ దీని కిందికే వస్తాయి. సహచర చర్చ అందులో ఒక పద్ధతి. పెద్ద క్లాసులకు ఇదే బాగా నప్పుతుంది కాబట్టి ఇక్కడ ఎక్కువగా దాని గురించే మాట్లాడుకుందాం.

ఇది ఎక్కడ మొదలైంది?

పక్కవాడితో మాట్లాడి నేర్చుకోవడం కొత్తేమీ కాదు. దానికి క్లాసులో ఒక క్రమం ఏర్పరచినవాళ్లలో ముఖ్యుడు హార్వర్డ్ యూనివర్సిటీలో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్. ఆయన పాఠం విద్యార్థులకు నచ్చేది, పరీక్షల్లో మార్కులూ బాగానే వచ్చేవి. 1990 ప్రాంతంలో డేవిడ్ హెస్టెనెస్ బృందం చేసిన పరిశోధన ఆయన కంటపడింది. ఫార్ములాలతో లెక్కలు చేయగలిగిన విద్యార్థులే మామూలు మాటల్లో అడిగిన ప్రశ్నలకు తప్పు జవాబులిస్తున్నారని అందులో ఉంది. బరువైన లారీ చిన్న కారును ఢీకొంటే ఏది దేనిమీద ఎక్కువ బలం చూపిస్తుంది అన్న తరహా ప్రశ్నలవి. రెండు బలాలూ సమానమే. న్యూటన్ మూడో సూత్రం అందరికీ కంఠతా వచ్చు, కానీ లారీయే ఎక్కువ బలం చూపిస్తుందని రాస్తారు.

మా విద్యార్థులు అలా కాదులే అనుకుంటూనే మజూర్ తన క్లాసులో ఆ పరీక్ష పెట్టారు. ఫలితం అంతే వచ్చింది. ఆయన ఒక ప్రశ్నను ఒకటికి రెండుసార్లు వివరించినా చాలామందికి అర్థం కాలేదు. అప్పుడు, మీలో మీరే మాట్లాడుకోండి అన్నారు. హాలంతా గోలగోల. కొద్ది నిమిషాల్లోనే వాళ్లు విషయం తేల్చేశారు. ఇప్పుడిప్పుడే అర్థం చేసుకున్న విద్యార్థికి తాను ఎక్కడ తడబడ్డాడో ఇంకా గుర్తుంటుంది. ఎన్నో ఏళ్లుగా అదే పాఠం చెబుతున్న అధ్యాపకుడికి ఆ తడబాటు ఎలా ఉంటుందో కూడా గుర్తుండదు. మజూర్ 1991 నుంచి దీన్ని పద్ధతిగా అమలు చేశారు, 1997లో పుస్తకంగా రాశారు. పీర్ ఇన్‌స్ట్రక్షన్ అనే పేరు అలా స్థిరపడింది.

క్లాసులో ఇది ఎలా నడుస్తుంది?

పది, పదిహేను నిమిషాలు పాఠం చెప్పి ఒక ప్రశ్న వేస్తారు. ఉదాహరణకు: పైకి విసిరిన బంతి అత్యంత ఎత్తుకు చేరిన క్షణంలో దాని త్వరణం ఎంత? గాలి నిరోధాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. (ఎ) సున్నా. (బి) పైదిశగా ఉంటుంది. (సి) కిందిదిశగా, మిగతా దారంతా ఎంత ఉందో అంతే. (డి) కిందిదిశగానే, కానీ మిగతా దారిలో కంటే తక్కువ.

ఒకటి, రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా ఆలోచిస్తారు. ఒకేసారి జవాబు చూపిస్తారు. సరైన జవాబు ఏదో అధ్యాపకుడు చెప్పడు, ముఖంలో కూడా కనిపించనివ్వడు. ఇప్పుడు, మీకు భిన్నమైన జవాబిచ్చినవాళ్లను వెతుక్కుని ఒప్పించండి అంటాడు. అప్పుడు బెంచీల మధ్య ఇలాంటి మాటలు వినిపిస్తాయి:

"అక్కడ బంతి ఆగింది కదా, ఆగినదానికి త్వరణం ఎక్కడిది?"
"ఆగిపోతే మరి కిందికెందుకొస్తోంది?"
"గురుత్వాకర్షణ లాగుతుంది కాబట్టి."
"ఆ ఒక్క క్షణం లాగడం మానేసి, మళ్లీ మొదలుపెట్టిందా?"
కాసేపు నిశ్శబ్దం. "అంటే సున్నా అయింది వేగమే, అది మారే రేటు కాదు."

ఆ చివరి వాక్యం ఏ టెక్స్ట్‌బుక్‌లోనైనా ఉంటుంది. కానీ ఈ విద్యార్థికి అది తన నోటి నుంచే వచ్చింది, తన తప్పును తానే పట్టుకున్నాక వచ్చింది. రెండు, మూడు నిమిషాల తర్వాత మళ్లీ జవాబులు అడిగి, చివర్లో అధ్యాపకుడు వివరిస్తాడు. సి ఎందుకు సరైనదో చెప్పి వదిలేయకూడదు, ఎ ఎందుకు అంతగా నమ్మించిందో కూడా చెప్పాలి.

మొదటిసారి ఓటు చూశాక ఏం చేయాలన్నదానికి చాలామంది పాటించే లెక్క ఒకటుంది. సరైన జవాబిచ్చినవాళ్లు 30 శాతం కంటే తక్కువైతే చర్చకు పునాది లేదు, విషయాన్ని మరో కోణం నుంచి చెప్పాలి. 70 శాతం దాటితే క్లుప్తంగా వివరించి ముందుకు సాగవచ్చు. ఆ రెంటికీ మధ్య ఉంటే చర్చకు మంచి అదను.

ముందు ఒంటరిగా జవాబివ్వడం అంత ముఖ్యమా? నేరుగా చర్చ పెడితే టైం కలిసొస్తుంది కదా?

చాలా ముఖ్యం. తొందరపడి వదిలేసే మెట్టూ ఇదే. నేరుగా చర్చ పెడితే ముందుగా మాట్లాడినవాడి జవాబే బెంచీ అంతటి జవాబు అయిపోతుంది. మిగతావాళ్లు తలూపుతారు. తాము ఏమనుకున్నారో వాళ్లకే తెలియకుండా పోతుంది, ఇక మార్చుకోవడానికి ఏముంటుంది? ఒకసారి జవాబు పెట్టాక విషయం వేరు. తాను బి అన్నాడు, పక్కవాడు సి అన్నాడు. ఎవరిది రైటో తేల్చుకోవాలన్న పట్టుదల వస్తుంది. తర్వాత అధ్యాపకుడి వివరణ వినేటప్పుడు కూడా చెవులు రిక్కించి వింటాడు.

ప్రశ్న అడిగాక మనం ఎంతసేపు ఆగుతున్నామన్నదీ చూసుకోవాలి. మేరీ బడ్ రో స్కూలు క్లాసుల్లో చేసిన పరిశీలనలో టీచర్లు సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నట్టు తేలింది. మూడు సెకన్లు ఆగితేనే జవాబులు పొడవుగా, కారణాలతో సహా రావడం మొదలైంది. యూనివర్సిటీ స్థాయి ప్రశ్నకు ఇంకా ఎక్కువ కావాలి. ఆ నిశ్శబ్దం మనకు ఇబ్బందిగా ఉంటుంది. భరించాలి.

గ్రూపులో ఎవరికీ సరైన జవాబు తెలియకపోతే? తప్పునే ఒకరికొకరు ఖాయం చేసుకోరా?

అందరికీ వచ్చే అనుమానమే ఇది. తెలిసినవాడు చెబితే మిగతావాళ్లు కాపీ కొడతారన్నది దీనికి జోడీ అనుమానం. ఈ రెంటినీ కొలరాడో యూనివర్సిటీ పరిశోధకులు జెనెటిక్స్ క్లాసులో పరీక్షించి 2009లో సైన్స్ పత్రికలో ప్రచురించారు. వాళ్లు చేసిన పని తేలికైనదే, కానీ పకడ్బందీగా ఉంది. ఒక ప్రశ్నకు ఒంటరిగా జవాబు తీసుకున్నారు. చర్చ తర్వాత మళ్లీ తీసుకున్నారు. సరైన జవాబు బయటపెట్టకుండానే, అదే భావన మీద వేరే ప్రశ్న ఇచ్చి మళ్లీ ఒంటరిగా రాయించారు. సగటున సరైన జవాబులు మొదట 52 శాతం, చర్చ తర్వాత 68, కొత్త ప్రశ్నకు 73 శాతం. కాపీ కొట్టి ఉంటే కొత్త ప్రశ్న దగ్గర దొరికిపోయేవాళ్లు. కష్టమైన ప్రశ్నల ఫలితాలను విశ్లేషించినప్పుడు, మొదట గ్రూపులో ఒక్కరికీ సరైన జవాబు తెలియని చోట్ల కూడా చర్చ వల్ల మెరుగుదల వచ్చినట్టు తేలింది.

కారణం ఊహించవచ్చు. ఇద్దరికీ తప్పే తెలిసినా ఆ తప్పుకు ఇద్దరూ చెప్పే కారణాలు ఒకటి కావు. కారణాలు పైకి చెప్పేటప్పుడు అవి ఒకదానితో ఒకటి పొసగవని బయటపడుతుంది. తలలోనే ఉన్నంతసేపు అవి చక్కగా అతికినట్టే ఉంటాయి.

దీనర్థం చర్చను దాని మానాన వదిలేయవచ్చని కాదు. చివరి వివరణ తప్పనిసరి. అది లేకుండా క్లాసు ముగిస్తే కొంతమంది తప్పుతోనే ఇంటికి వెళతారు.

ఇవన్నీ చేస్తూ కూర్చుంటే సిలబస్ ఎప్పుడు పూర్తవుతుంది?

నిజమైన ఇబ్బందే, కొట్టిపారేయడం న్యాయం కాదు. ఒక ప్రశ్నకు మొత్తం ఐదు నుంచి పది నిమిషాలు పడుతుంది. గంట క్లాసులో మూడు ప్రశ్నలు వేస్తే సగం సమయం దాకా దానికే పోవచ్చు. ఆ సగం ఎక్కడి నుంచో రావాలి.

వచ్చే చోటు విద్యార్థి ముందుగా చేసే చదువు. నిర్వచనాలు, ఉత్పాదనలు, చరిత్ర, తేదీలు పుస్తకంలో ఉన్నవే. వాటిని బోర్డు మీదికి ఎక్కించి, అక్కడి నుంచి నోటుబుక్కుల్లోకి దింపించడానికి క్లాసు సమయం వెచ్చించనక్కర్లేదు. ముందు రోజు కొన్ని పేజీలు చదివి రమ్మని, రెండు చిన్న ప్రశ్నలకూ "ఇందులో మీకు ఏది అర్థం కాలేదు?" అన్న మూడోదానికీ జవాబు పంపమంటే చాలు. ఆ మూడో జవాబులు క్లాసుకు ముందు చదువుకుంటే ఎక్కడ ఆగాలో, ఎక్కడ పరిగెత్తవచ్చో తెలిసిపోతుంది. దీన్ని జస్ట్ ఇన్ టైమ్ టీచింగ్ అంటారు. చదివి రానివాళ్ల కోసం ఆ పేజీలను మళ్లీ క్లాసులో చెప్పడం మొదలుపెడితే మాత్రం రెండో వారానికి అందరూ చదవడం మానేస్తారు.

ఇక్కడ నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. అధ్యాపకుడు చెప్పడం పూర్తయినంత మాత్రాన సిలబస్ పూర్తయినట్టు కాదు. నాలుగు యూనిట్లు పరుగున చెప్పి, అందులో ఏదీ విద్యార్థికి పట్టుబడకపోతే, ఆ వేగం ఎవరికి ఉపయోగపడింది?

దీనివల్ల ఫలితం ఉంటుందనడానికి ఆధారాలేమిటి?

గట్టివే ఉన్నాయి. రిచర్డ్ హేక్ 1998లో 62 ఫిజిక్స్ కోర్సుల్లోని 6,542 మంది ఫలితాలను పోల్చారు. కోర్సు మొదట్లో తెలియనిదానిలో ఎంత భాగం చివరికి నేర్చుకున్నారన్నది ఆయన కొలత. మామూలు పద్ధతిలో అది సగటున 0.23, విద్యార్థులు పాల్గొనే కోర్సుల్లో 0.48. స్కాట్ ఫ్రీమన్ బృందం 2014లో సైన్స్, ఇంజినీరింగ్, మ్యాథ్స్ కోర్సుల మీద జరిగిన 225 అధ్యయనాలను కలిపి చూసింది. వట్టి లెక్చర్ కోర్సుల్లో ఫెయిలైనవాళ్లు సగటున 33.8 శాతం, యాక్టివ్ లెర్నింగ్ కోర్సుల్లో 21.8 శాతం.

బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీలో జరిగిన మరో పరిశీలన 2011లో వచ్చింది. నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ ఈ బృందంలో ఒకరు. ఒకే కోర్సులోని రెండు పెద్ద సెక్షన్లలో ఒకదానికి, మంచి పేరున్న అనుభవజ్ఞుడు ఒక వారం లెక్చర్ ఇచ్చారు. రెండోదానికి, అనుభవం తక్కువైనా ఈ పద్ధతిలో శిక్షణ పొందినవాళ్లు అదే అంశం చెప్పారు. తర్వాత పెట్టిన టెస్టులో సగటు మార్కులు మొదటి సెక్షన్‌కు 41 శాతం, రెండోదానికి 74. ఒక్క వారం ఫలితమే కాబట్టి దాని మీద మరీ బరువు మోపకూడదు. అయినా పాఠం చెప్పే మనిషి కంటే పద్ధతికి ఎంత బలముందో కనిపిస్తోంది.

మా విద్యార్థులే "సార్, మీరు చెప్పండి చాలు, మాకు అలాగే బాగుంటుంది" అంటున్నారు. ఏం చేయాలి?

వాళ్లు అబద్ధం చెప్పడం లేదు, వాళ్లకు నిజంగా అలాగే అనిపిస్తుంది. హార్వర్డ్‌లో 2019లో ప్రచురితమైన అధ్యయనంలో ఇది స్పష్టంగా బయటపడింది. యాక్టివ్ క్లాసులో కూర్చున్నవాళ్లు టెస్టులో ఎక్కువ మార్కులు తెచ్చుకున్నారు, కానీ తక్కువ నేర్చుకున్నామని అనుకున్నారు. సాఫీగా సాగిన లెక్చర్ విన్నవాళ్లకు అంతా అర్థమైపోయినట్టు అనిపించింది. తల గోక్కుంటూ, తప్పు చేస్తూ, వాదించుకుంటూ నేర్చుకోవడం కష్టంగా ఉంటుంది. ఆ కష్టాన్నే విద్యార్థి "నాకు రావడం లేదు" అని అర్థం చేసుకుంటాడు.

అందుకే మొదటి క్లాసులోనే విషయం విప్పి చెప్పాలి: ఇలా ఎందుకు చేస్తున్నాం, మొదట్లో ఎలా అనిపిస్తుంది, ఫలితాలు ఎలా ఉన్నాయి. మొదటి ఇంటర్నల్ పరీక్ష తర్వాత మరోసారి గుర్తుచేయాలి. వారం పది రోజులకే బెదిరిపోయి పాత పద్ధతికి వెళ్లిపోవద్దు. కొన్ని వారాలు నిలబడితే వ్యతిరేకత చాలావరకు తగ్గుతుంది.

మంచి ప్రశ్న ఎలా తయారు చేసుకోవాలి?

అసలు శ్రమంతా ఇక్కడే ఉంది. బట్టీ పట్టిన నిర్వచనంతోనో, ఫార్ములాలో అంకెలు వేసో జవాబొచ్చే ప్రశ్న పనికిరాదు, అందులో వాదించుకోవడానికేమీ ఉండదు. తప్పు ఆప్షన్లు విద్యార్థులు నిజంగా నమ్మే తప్పులై ఉండాలి. అవి ఎక్కడ దొరుకుతాయి? పాత జవాబు పత్రాల్లో. దిద్దేటప్పుడు ఒకే తప్పు మూడు, నాలుగు పేపర్లలో కనిపిస్తే దాన్ని విడిగా రాసి పెట్టుకోండి. అదే రేపటి ఆప్షన్ బి.

ప్రోగ్రామింగ్ నుంచి ఒక ఉదాహరణ. పైథాన్‌లో 1, 2 ఉన్న ఒక లిస్టుకు ఎ అని పేరు పెట్టాం. తర్వాతి లైనులో బి కూడా ఎ కు సమానం అన్నాం. బి కి 3 చేర్చాం. ఇప్పుడు ఎ ని ప్రింట్ చేస్తే ఏం వస్తుంది? కోడ్ రన్ చేయకముందే జవాబు చెప్పాలి. 1, 2 మాత్రమే వస్తాయని చాలామంది ధీమాగా అంటారు, బి అంటే వేరే కాపీ అనుకుంటారు కాబట్టి. వచ్చేది 1, 2, 3. రెండు పేర్లూ ఒకే లిస్టువి. చర్చ అయ్యాక స్క్రీన్ మీద రన్ చేసి చూపిస్తే, దాని తర్వాత మీరు మెమరీ గురించి చెప్పే పది నిమిషాలూ క్లాసంతా మీ వెంటే ఉంటుంది.

సైన్స్ కాని సబ్జెక్టులకు ఇది కుదురుతుందా?

కుదురుతుంది, కాకపోతే ప్రశ్న రూపం మారుతుంది. చరిత్రలో ఒకే ఘటన మీద రెండు పత్రాలు ఇచ్చి దేన్ని ఎక్కువ నమ్మవచ్చో, ఎందుకో అడగవచ్చు. సాహిత్యంలో ఒక కవితకు రెండు వ్యాఖ్యానాలు చెప్పి, ఏ పాదం దేన్ని బలపరుస్తుందో వెతకమనవచ్చు. ఎకనామిక్స్‌లో, ఒక వస్తువు ధర తగ్గి అమ్మకాలు పెరిగితే డిమాండ్ రేఖ జరిగిందా, లేక అదే రేఖ మీద మనం కిందికి వచ్చామా అన్న ప్రశ్న దాదాపు ప్రతి క్లాసునూ రెండుగా చీలుస్తుంది. సరైన జవాబు ఒక్కటే లేని చోట ఓటు సంఖ్య ముఖ్యం కాదు, జవాబుకు చూపించే ఆధారం ముఖ్యం.

క్లాసులో 200 మంది, బెంచీలు కదలవు. పరికరాలు కూడా లేవు.

ఎ, బి, సి, డి అని నాలుగు పెద్ద అక్షరాలున్న కాగితం చాలు. దాన్ని నాలుగుగా మడిచి, కావాల్సిన అక్షరం మీవైపు కనిపించేలా ఛాతీ దగ్గర పట్టుకోమంటే వెనకవాళ్లకు కనిపించదు. క్లిక్కర్లతో (బటన్ నొక్కి జవాబు పంపే చిన్న పరికరాలు), ఇలాంటి కార్డులతో ఈ పద్ధతిలో చెప్పిన క్లాసులను పోల్చిన అధ్యయనం 2008లో వచ్చింది. నేర్చుకోవడంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. చేతులెత్తమనడం మాత్రం వద్దు, ముందు బెంచీని చూసి వెనక బెంచీ ఎత్తేస్తుంది.

బెంచీలు కదలకపోతే బేసి వరసవాళ్లు వెనక్కి తిరిగితే సరి. గోల గురించి బెంగ వద్దు. మళ్లీ నిశ్శబ్దం కావాలంటే చెయ్యి పైకెత్తి నిలబడండి, చూసినవాళ్లు కూడా ఎత్తాలని మొదటి రోజే చెప్పి ఉంచండి. అరిచి ఆపక్కర్లేదు.

బెరుకుగా ఉండే విద్యార్థుల సంగతేమిటి? టాపరే అంతా మాట్లాడేస్తే?

రెండు వందల మంది ముందు లేచి మాట్లాడటం చాలామందికి టెన్షన్. పక్కనున్న ఒక్కరితో మాట్లాడటం అంత కష్టం కాదు. అందుకే ఇద్దరు, ముగ్గురు చాలు. ఆరుగురిని కలిపితే ఇద్దరు మాట్లాడతారు, నలుగురు వింటారు. చర్చ తర్వాత హఠాత్తుగా ఒకరిని లేపి "నీ జవాబేంటి?" అనే బదులు, "మీ బెంచీలో ఏయే కారణాలు వినిపించాయి?" అని అడగండి. తప్పైనా అది ఆ ఒక్కరి తప్పు కాదు.

టాపర్ సమస్యకు ఒక చిన్న నియమం ఉంది: ముందుగా తక్కువ నమ్మకంతో ఉన్నవాళ్లు మాట్లాడాలి. ఓటుతోపాటు "ఎంత ఖాయం?" అని కూడా రాయిస్తే ఇది తేలిక. మీరు బెంచీల మధ్య తిరుగుతూ వినండి. డయాస్ మీద నిలబడి ఫోన్ చూసుకుంటే అది విరామం అని విద్యార్థులకు అర్థమైపోతుంది.

అవకాశాలు తక్కువగా దొరికిన వర్గాల నుంచి వచ్చినవాళ్లకు ఈ పద్ధతి మరింత మేలు చేస్తోందని 2020లో వచ్చిన ఒక విస్తృత విశ్లేషణ చెబుతోంది. మిగతావాళ్లకూ వాళ్లకూ మధ్య పరీక్ష మార్కుల అంతరం 33 శాతం, పాసయ్యే రేటులో అంతరం 45 శాతం తగ్గాయి. క్లాసు సమయంలో ఎక్కువ భాగాన్ని ఈ పనులకు కేటాయించిన చోట్లే ఆ తగ్గుదల బాగా కనిపించింది. ఇంట్లో అడిగి తెలుసుకోవడానికి ఎవరూ లేని విద్యార్థికి క్లాసులోనే అడిగే మనిషి దొరకడం చిన్న సంగతి కాదు.

చర్చ ఏ భాషలో జరగాలి?

వాళ్లు ఏ భాషలో ఆలోచిస్తారో ఆ భాషలో. పాఠం వేరే భాషలో ఉన్నా సరే. సాంకేతిక పదాలు పాఠంలోవే వాడతారు, కారణాలు సొంత భాషలో చెప్పుకుంటారు. పరీక్ష రాసే భాషలో అలవాటు కావాలంటే, చర్చ అయ్యాక తమ కారణాన్ని ఆ భాషలో రెండు వాక్యాలు రాయమనండి.

దీనికి మార్కులు ఇవ్వాలా?

పాల్గొన్నందుకు కొద్దిగా ఇవ్వవచ్చు, సరైన జవాబుకు వద్దు. 2006లో వచ్చిన ఒక అధ్యయనంలో, సరైన జవాబుకు ఎక్కువ మార్కులున్న క్లాసులో జంటలో ఎక్కువ తెలిసినవాళ్లే మాట్లాడేశారు, ఇద్దరూ ఒకే జవాబు పెట్టారు. మార్కులు తక్కువగా ఉన్న చోట ఇద్దరూ సమానంగా మాట్లాడుకున్నారు. అయితే సెమిస్టర్ పరీక్షలో మాత్రం ఈ తరహా ప్రశ్నలు తప్పక ఉండాలి. పరీక్షంతా బట్టీ ప్రశ్నలే అయితే క్లాసులో ఆలోచించమని అడిగే హక్కు మనకుండదు.

అయితే లెక్చర్ పూర్తిగా మానేయాలా?

అక్కర్లేదు. ప్రశ్నతో కుస్తీ పట్టాక విన్న పది నిమిషాల వివరణ ఊరికే విన్న గంట కంటే బాగా ఎక్కుతుంది. లెక్చర్ చోటు మారుతుంది, అంతే.

ఎక్కడ మొదలుపెట్టాలి?

కోర్సు మొత్తం ఒకేసారి మార్చకండి. వచ్చే వారం చెప్పబోయే పాఠాల్లో విద్యార్థులు ఏటా తప్పు చేసే చోటు ఒకటి ఎంచుకోండి. దాని మీద ఒకే ఒక్క ప్రశ్న. క్లాసుకు వెళ్లే ముందు దాన్ని ఒక సహోద్యోగికో, సీనియర్ విద్యార్థికో చూపించండి. ప్రశ్నలోని మాటలే గందరగోళంగా ఉంటే అక్కడే తెలిసిపోతుంది. క్లాసు అయిన వెంటనే రెండు ఓట్ల సంఖ్యలూ, బెంచీల మధ్య తిరుగుతున్నప్పుడు విన్న వింత కారణాలూ ఆ ప్రశ్న కిందే రాసుకోండి. మొదటి ఓటులో ఎవరూ ఎంచుకోని ఆప్షన్‌ను కొట్టేసి, విన్న కారణాల్లోంచి ఒకదాన్ని దాని స్థానంలో పెడితే వచ్చే ఏడాదికి ఆ ప్రశ్న సిద్ధం.